బంద్ రోజు బ్యాంకు ఫోను

జనగామ స్టేషన్లో ఒక ఫోను మోసగాణ్ణి హడలగొట్టానని ఇన్నేళ్లూ చెప్పుకుంటూ వచ్చాను. అది తెలంగాణ బంద్ రోజు. రైళ్లు లేక పొద్దుటి నుంచి బల్ల మీద కూలబడి ఉన్నాను. బ్యాంకు నుంచి అంటూ ఒకడు ఫోన్ చేసి, ఏటీఎం కార్డు ఆగిపోతుంది, నంబరూ పిన్నూ చెప్పమన్నాడు. నా పింఛనంతా అందులోనే ఉంది.

పక్కన గంపతో కూర్చుని నా మాటలు వింటున్న ఒకామె నా మోచెయ్యి పట్టుకుంది.

"బాపు, ఇయ్యాల అన్నీ బందున్నయ్ గద. బ్యాంకోడు ఏడికెళ్లి చేస్తుండు?"

అదే మాట గట్టిగా అడిగితే వాడు ఫోన్ పెట్టేశాడు.

అయితే అడిగింది నేను కాదు. ఫోన్ లాక్కుని ఆమే అడిగింది. అప్పటికి నేను కార్డు మీది పన్నెండు అంకెలు చదివేసి, మిగిలిన నాలుగూ కనబడక కళ్లజోడు తుడుచుకుంటున్నాను.