కన్ను కొట్టడం కాదు, కొలవడం

మా డ్రాయింగు మాస్టారు నరసింగరావు గారు దేన్నీ రెండు కళ్ళతో చూసి ఎరగరు. ఎడమకన్ను మూసి, కుడిచెయ్యి చాచి, బొటనవేలు నిలబెట్టి, ఆ వేలి వెంబడి చూసేవారు. కొండనైనా అంతే, కాఫీ గ్లాసునైనా అంతే. ఖర్మకాలి ఆడవాళ్ళనైనా అంతే.

అరవై ఏడులో ఆయన కళింగపట్నం స్కూలుకు వచ్చిన కొత్తలో, ఎండుచేపలమ్మే గున్నమ్మ గంప దించుతుంటే అలాగే చూశారు.

"ఓలమ్మో! ముసిల్దాన్ని, నాకు కన్ను కొడతన్నావేటి బాబూ!"

"కొట్టడం కాదమ్మా, కొలవడం! గంపకీ నీకూ ఉన్న నిష్పత్తి!"

"నిష్పత్తేటి? సేపలు కావాలా, అక్కర్లేదా?"

పరువు కోసం ఆయన కొన్న ఎండునెత్తళ్ళ వాసన వారంరోజులు మా గదిని వదల్లేదు. మా గది అంటే, లెక్కల మాస్టర్నైన నేను కూడా అందులోనే అద్దెకుండేవాణ్ణి.

ఈ కొలతల జబ్బుకు మూలం ఇటలీలో ఉంది. వందల ఏళ్ళ కిందట అక్కడి చిత్రకారులు దగ్గరున్నది పెద్దగా, దూరంగా ఉన్నది చిన్నగా వెయ్యడానికి ఓ శాస్త్రం కనిపెట్టారట. దాంతో కళలకీ విజ్ఞానానికీ మళ్ళీ ప్రాణం లేచొచ్చిందట. దాని పేరు రినైజాన్సు. అది మన జిల్లాకూ రావాలని, రేవు ఉంది కాబట్టి కళింగపట్నంలోనే దిగాలని ఆయన పట్టుదల.

"వస్తుంది! రినైజాన్సు వచ్చి తీరుతుంది!" అని టీకొట్టు దగ్గర బల్ల గుద్దారు ఓరోజు.

"రెయినీసీజనా? అది ఏటేటా వస్తాది కదా మాస్టారూ," అన్నాడు పోతురాజు. సముద్రం మీద వేటకెళ్ళేవాళ్ళలో ఎనిమిదో క్లాసు దాకా చదివినవాడు అతనొక్కడే. "దానికింత గొంతు సించుకోవాలేటి?"

ఏటా పండక్కి వేసే ఊరి నాటకంలో రావణుడు కూడా పోతురాజే. ఆ ఏడు తెర మీద లంకానగరం మాస్టారే వేశారు. లంక సముద్రానికి అవతల కదా! శాస్త్రప్రకారం గుమ్మడికాయంత వచ్చింది. దాని పక్కన పోతురాజు పది తలలతో నిలబడేసరికి ఒకటే ఈలలు.

"ఒరే రావణా, ఇంట్లోకెలా దూరతావురా!"

లంకను కాస్త పెంచమని అందరం బతిమాలాం.

"అంగుళం పెంచను! శాస్త్రంతో అబద్ధమాడమంటారా?" అన్నారు. ఆడినన్నాళ్ళూ గుమ్మడికాయ పక్కనే రావణుడు గర్జించాడు.

మరుసటి ఏడు ప్రెసిడెంటు జగన్నాధం గారు రేవు దగ్గర మేడ కట్టారు. నాటకానికి కొత్త తెరగుడ్డ తనే కొనిచ్చి, దాని మీద తన మేడే ఉండాలన్నారు. ఆ మేడకు ముందు గున్నమ్మ పాక.

"ఆ పాక ఎయ్యకండి మాస్టారూ. పండగలోగా పీకించేస్తన్నాను. ఎండుసేపల కంపు!"

ఆ సాయంత్రం గున్నమ్మ వచ్చి మా గుమ్మంలో కూలబడింది. "నానెక్కడికి పోతాను బాబూ? ఆ ఇసకలోనే పుట్టేను." నేను మంచినీళ్ళు తెచ్చిచ్చాను. మాస్టారు మాత్రం కన్ను మూసి, వేలు పెట్టి, ఆమెను కొలిచారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు ప్రెసిడెంటుగారిని ఇసకలో నిలబెట్టారు.

"ఎడమకన్ను ముయ్యండి. వేలు పెట్టండి. మేడ ఏదీ?"

"ఏటిది! ఏలి ఎనకాలకి పోనాది!"

"పక్కన చిన్నదొకటి లేకపోతే ఏ మేడకైనా అదే గతి. ఇటలీలో ప్రతి జమీందారూ మేడ ముందు ఓ పాకను పెట్టి కాపాడుకునేవాడు. పాకను చూసిన కంటికే మేడ మేడలా ఆనుతుంది."

"పీకేస్తే?"

"కోళ్ళగూడు."

జగన్నాధం గారు మళ్ళీ వేలు పెట్టి చూసుకుని చెమటలు తుడుచుకున్నారు. ఆ పాక మీద చెయ్యేసినవాడి కాళ్ళిరగ్గొడతానని సాయంత్రానికల్లా ఊళ్ళో దండోరా వేయించారు.

పండగ రోజు తెర దిగింది. దూరాన ఉన్న మేడ ఆకాశానికి అంటుకుని ఉంది. దాని ముందు పాక అగ్గిపెట్టంత. ఆయన నెత్తికెత్తుకున్న శాస్త్రమంతా తలకిందులు! గున్నమ్మ ముందువరసలో కూర్చుని "నా పాకే! అదే నా పాకే!" అని అందరికీ చూపిస్తోంది. అంగుళం వదలని మనిషి ఆమె కోసం ఇన్ని గజాలు వదిలేశాడని నాకు ఆయన మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. అయినా ఊరుకోలేక చెవిలో అడిగాను.

"మాస్టారూ, ఇటలీలో పాకల సంగతి ఏ పుస్తకంలో ఉంది?"

ఆయన నావైపు తిరిగి ఎడమకన్ను మూశారు. చెయ్యి మాత్రం జేబులోనే ఉంది.

"బొటనవేలు మర్చిపోయారు," అన్నాను.

"కొలవడానికైతే కదా అది కావాలి!" అన్నారు.