ఎరుపు బాగానే వచ్చింది

ఇప్పుడు ఆ ఇంట్లో సాయంత్రం సీరియల్ మొదలైతే చివరిదాకా నడుస్తోంది. మధ్యలో ఎవరూ రిమోట్ లాక్కోవడం లేదు, ఎవరూ మేడ మీదికి పరుగెత్తడం లేదు. ఇదీ ఒక వింతేనా అనిపించవచ్చు. ఆ ఇంటికి మాత్రం వింతే. ఇన్నేళ్ళుగా అక్కడ ఏ సీరియల్‌కూ నడిమి భాగం ఉండేది కాదు. మొదలూ తుదీ చూసి, నడుమ ఏం జరిగిందో పక్కింటివాళ్ళను అడిగి తెలుసుకోవలసిందే. కారణం ఒక్కటే. ఇంటాయనకు టీవీ చూడటం రాదు, పరీక్షించడమే వచ్చు.

ఆయన దర్జీ. ముందుగదిలో కుట్టుమిషను, మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క. వీధివాళ్ళు మాత్రం గొడుగు మేస్టారు అనేవారు. మేడ మీద తిరగేసిన గొడుగుల్లా డిష్షులు ఒకదాని పక్కన ఒకటి ఆకాశానికి నోళ్ళు తెరుచుకుని ఉండేవి మరి. ఒకసారి ఇంట్లో రిసీవర్ పాడైతే రిపేరు షాపుకు పట్టుకెళ్ళారు. షాపువాడు మూత విప్పడం చూశారు. అంతే, బాగుచేసిన పెట్టెతో పాటు బాగుపడని పెట్టె ఇంకొకటి సంచీలో వేసుకుని ఇంటికి వచ్చారు.

పెట్టెతో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది. ఆయనకు ఇంగ్లీషు రాదు. కానీ కొలతలిచ్చేవాళ్ళకు వస్తుంది కదా.

“చేతులు పైకెత్తండి సార్. ఆఁ, అలాగే ఉంచండి. అవునూ, ఫ్రీక్వెన్సీ అంటే ఏమిటండీ?”

అర్థం చెప్పేదాకా చేతులు దించడానికి వీల్లేదు. అలా ఊళ్ళో చదువుకున్నవాళ్ళందరూ ఒక్కొక్క మాటకు చేతులెత్తేశాక ఆయనకు విద్య పట్టుబడింది. మొదటి ప్రయోగంలోనే పెట్టెలో ఉన్న చానెళ్ళన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. వారం రోజులు తెర మీద “సిగ్నల్ లేదు” అన్న రెండు మాటలే.

“ఇదే నయంరా,” అన్నారు ఆయన తల్లి. “ఇందులో ఎవరూ ఏడవరు.”

ఆ తర్వాత చానెళ్ళు ఒక్కటొక్కటే తిరిగి వచ్చాయి. ఒక్కోదాన్నీ ఆకాశంలోంచి దింపడానికి ఇల్లాలు మేడెక్కి డిష్షు పట్టుకోవాలి. ఆయన కిటికీలోంచి అరుస్తారు.

“కాస్త తూర్పుకి తిప్పు.”

“తూర్పంటే మీ తూర్పా, నా తూర్పా?”

“లోకానికంతా ఒకటే తూర్పోయ్.”

“అయితే లోకాన్నే వచ్చి పట్టుకోమనండి.”

ఆవిడ మాట్లాడేదే తక్కువ. ఆ తక్కువలో సగం మేడ మీదే మాట్లాడింది.

తెర మీద రెండు గీతలు వస్తాయి. ఒకటి సిగ్నల్ బలం, రెండోది నాణ్యత. మేస్టారికి ఆ రెండు గీతలూ జీవితంలోకి కూడా దిగిపోయాయి. ఎదురింటి ఉపన్యాసాల లెక్చరరు గురించి అడిగితే, “బలం నిండుగా ఉంది, నాణ్యత సున్నా” అనేవారు. కూతురికి సంబంధం వస్తే పెళ్ళికొడుకుతో కాసేపు మాట్లాడి వచ్చి, “బలం కొంచెం తక్కువే. నాణ్యత మాత్రం కదలడం లేదు. ఖాయం చేసెయ్యండి” అన్నారు. ఆ అల్లుడు ఈనాటికీ గట్టిగా మాట్లాడడు, అబద్ధమూ ఆడడు.

ఇరుగుపొరుగు కూడా ఆయన చేతిలో పడకుండా పోలేదు. నాలుగిళ్ళ అవతలి బస్సు కండక్టరు ఇంట్లో, పిల్లలు పనికిరానివి చూడకుండా చానెళ్ళకు తాళం వేసి, ఆ తాళం నంబరు మరచిపోయారు. తాళం పడకుండా మిగిలింది వ్యవసాయం చానెల్ ఒక్కటే. కండక్టరు నెల తర్వాత వచ్చాడు, పోట్లాడటానికే వచ్చాడనుకుని ఇల్లాలు వంటింట్లోకి తప్పుకుంది. వచ్చినవాడి చేతిలో సంచీ నిండా టమాటాలు.

“మా మేడ మీద కాసినవి మేస్టారూ. వేరే చూడ్డానికి ఏం లేక ఇదే చూశాం. ఎరువు గురించి ఏమన్నా కావాలంటే అడగండి.”

“తాళం తియ్యమంటావా?”

“వంకాయలు వెయ్యనివ్వండి, అప్పుడు చూద్దాం.”

ఇవన్నీ భరించవచ్చు. భరించలేనిది ఆయన పరీక్ష. కొంతకాలానికి అది ముదిరింది. అందరూ కూర్చుని సీరియల్ చూస్తుంటే, ఆయన తెర పక్కన నిలబడి బొమ్మ సరిగ్గా వస్తోందో లేదో పైకి చదివేవారు.

“ఎర్ర చొక్కా వాడు వచ్చాడు. ఎరుపు బాగానే వచ్చింది. కాలరు మాత్రం వంకర కుట్టారు. ఇప్పుడు ఆ పిల్ల ఉత్తరం చింపేసింది. ముక్కలు స్పష్టంగా ఉన్నాయి. ఏడుస్తోంది. కన్నీళ్ళలో మసక లేదు, నాణ్యత నిండుగా ఉంది.”

“నాన్నా, మాకూ కళ్ళున్నాయి,” అనేది కూతురు.

“ఉంటే ఉన్నాయిలే. ఇదిగో, ముసలాయన తలుపు వెనక నించున్నాడు. నీడ కూడా పడుతోంది.”

దానికి తోడు నంబర్ల పిచ్చి. లోకంలో ఎక్కడైనా చానెళ్ళు ఒకటి నుంచి మొదలవుతాయి. ఆ ఇంట్లో అయిదు నుంచి మొదలయ్యేవి. సీరియళ్ళ చానెల్ అయిదులో. రిమోట్ మీద దాని పైన రెండులో పాటలు, కింద ఎనిమిదిలో కథలు చదివే చానెల్, ఎడమన నాలుగులో వార్తలు, కుడిన ఆరులో మళ్ళీ పాటలే. ఇక ఒకటి, మూడు, ఏడు, తొమ్మిది నొక్కితే వచ్చేది మళ్ళీ ఆ సీరియళ్ళ చానెలే. అల్లుడికి ఇష్టమైన ఆటల చానెల్ ఎక్కడో మూడు అంకెల అడవిలో ఉంది.

“ఒకే చానెల్ అయిదు చోట్ల దేనికి నాన్నా?”

“ఒకటి తెగితే ఇంకోటి ఉంటుంది. ప్యాంటుకి రెండో కుట్టు వెయ్యమూ?”

చుట్టాలు నవ్వారు. వీధి నవ్వింది. ఇల్లాలు కూడా చాటున నవ్వుకుంది. ఆయనా అందరితో కలిసి నవ్వేసి, రెండో కుట్టు విప్పలేదు.

ఒక చలికాలం చివర, మంచాన పడి ఎవరినీ కష్టపెట్టకుండానే ఆయన వెళ్ళిపోయారు. మిషను మీద గుడ్డ కప్పారు. సీరియళ్ళకు నడిమి భాగం వచ్చింది. ఇల్లాలికి అది చెవుల్లో పడేది కాదు. ఇంట్లో ఇంకొక సంగతి ఆవిడను తినేస్తోంది. అత్తగారు సీరియల్ మొదలవగానే ఎప్పటిలా కుర్చీలో కూర్చుంటారు, సగంలో లేచి వెళ్ళి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంటారు. అన్నం రోజురోజుకూ తగ్గుతోంది. కొడుకు వెనకే ఈవిడా మెల్లగా జారిపోతారేమోనని ఇల్లాలి భయం. ఏం చేస్తే నిలుస్తారో మాత్రం తెలియడం లేదు.

చూడవచ్చిన కూతురు ఒక్క పూటలో తేల్చేసింది.

“ఏముందమ్మా, ఈ నంబర్ల గందరగోళంలో నానమ్మకి కావలసింది దొరకడం లేదు. నాన్న పిచ్చి నాన్నతోనే పోనియ్. మెకానిక్కుని పిలిచాను, అందరిళ్ళలో ఉన్నట్టు వరసగా పెట్టిస్తాను.”

మెకానిక్కు వచ్చాడు. తీగలు చూశాడు, పెట్టె తట్టాడు, రిమోట్ అడిగాడు. రిమోట్ లేదు. వెతకగా వెతకగా తేలిందేమిటంటే, జీవితంలో దేనికీ అడ్డు చెప్పని అత్తగారు దాని మీద కూర్చున్నారు.

“బామ్మగారూ, రిమోట్ ఇవ్వండి.”

“నా దగ్గరెక్కడిది నాయనా?”

“మీరు దాని మీదే కూర్చున్నారండీ.”

“నేను కుర్చీ మీద కూర్చున్నాను. దాని మీద ఏమేం ఉన్నాయో నాకేం తెలుసు?”

కూతురు తల పట్టుకుని టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. బామ్మగారు దిగేలోపు ఏదో ఒక పని చేద్దామని మెకానిక్కు బొమ్మ వచ్చే తీగ పీకి, దాని కొస తుడవడం మొదలుపెట్టాడు. తెర నల్లగా అయిపోయింది. సీరియల్ వేళయింది. అత్తగారు మెల్లగా రిమోట్ బయటికి తీశారు. ఆవిడ ముఖం గుమ్మంవైపు ఉంది. బొటనవేలు మాత్రం మీటల మీద పాకి, నడుమ ఒకచోట ఆగి, నొక్కింది. మాటలు వినిపించాయి. బొమ్మ లేదు.

అత్తగారు ఆ నల్లటి తెరవైపు తిరిగి కాసేపు చూశారు. ఇంట్లో మనిషన్నాక ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నారు.

“ఇవాళ ఆ పిల్ల మొహం చిక్కిపోయింది.”

మెకానిక్కు చేతిలో తీగ అలాగే ఉంది. నోరు తెరిచాడు. ఇల్లాలు పెదవుల మీద వేలు పెట్టుకుంది.

“అవునత్తయ్యా,” అంది. “బాగా చిక్కిపోయింది.”

అత్తగారి బొటనవేలు ఇంకా అయిదు మీదే ఉంది. ఆ మీట మీద చిన్న బొడిపె ఉంటుంది. ఇల్లాలు రోజూ రిమోట్ మీద దుమ్ము తుడుస్తూనే ఉంది, బొడిపె చేతికి తగులుతూనే ఉంది. అది ఎవరికోసమో ఎన్నడూ తోచలేదు. దాని పైన, కింద, పక్కన పాటలు, కథలు, వార్తలు. మూలల్లో ఎటు వేలు జారినా మళ్ళీ సీరియలే.

మెకానిక్కు మంచివాడు. తీగను చప్పుడు కాకుండా తగిలించేశాడు. ఇల్లాలి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

“ఇది నేను ముట్టుకోను ఆంటీ. ఒక్కోటీ చేత్తో ఎక్కించారు, చాలా ఓపిక. కాకపోతే ఈ పెట్టె అప్పుడప్పుడు అప్‌డేట్ అడుగుతుంది. సరే అని నొక్కారంటే లిస్టంతా కంపెనీ వరసలోకి పోతుంది. జాగ్రత్త.”

కూతురు టీ పట్టుకొచ్చింది.

“అయిపోయిందా? ఒకటిలో ఏమొస్తోంది?”

“సీరియలేనండి.”

“మూడులో?”

“అదేనండి.”

“మరి ఇంతసేపూ ఏం చేశావయ్యా?”

“తీగ తుడిచానండి. ఎరుపు బాగా వస్తోంది ఇప్పుడు.”

కూతురు ఊరికి వెళ్ళిపోయాక, అత్తాకోడళ్ళు వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. అత్తగారే మొదలుపెట్టారు.

“అమ్మాయ్, ఆ కుర్రాడు తీగ పీకేశాడు కదూ?”

“మీకెలా తెలుసత్తయ్యా?”

“ఇన్నేళ్ళలో నువ్వు నాతో అంత తొందరగా ఒప్పుకున్న రోజు లేదు.”

ఇల్లాలికి నవ్వు ఆగలేదు. అత్తగారూ నవ్వారు.

“వెలుగూ నీడా తెలుస్తాయి, అంతే. మా అబ్బాయి కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు, ఇక చేసేదేం లేదన్నాడు డాక్టరు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నాను. చెబితే నా చేతిలోంచి ఈ కాయలు కూడా లాగేసుకుని, దేవతలా కూర్చోబెడతారని భయం.”

“ఆయనకెలా తెలిసింది?”

“దర్జీ వెధవ కదా. సూదిలో దారం ఎక్కించమ్మా అన్నాడు. ఎక్కించి, ఇదిగోరా ఎక్కింది అన్నాను. వాడి వేళ్ళ మధ్య అసలు సూదే లేదుట.”

ఇల్లాలు చేతిలో కాయ పక్కన పెట్టింది. తెర పక్కన నిలబడి, ఇంటిల్లిపాదీ విసుక్కుంటున్నా, ఎరుపూ పచ్చా ఒప్పజెబుతున్న మనిషి కళ్ళ ముందు మెదిలాడు. అంతమంది నవ్వినా ఆయన ఒట్టు తప్పలేదు. ఆ మనిషితో కాపురం చేసినందుకు మనసులోనే దండం పెట్టుకుంది. ఆ కాయ మళ్ళీ అందుకుని అత్తగారి చేటలోనే వేసింది.

ఆ సాయంత్రం సీరియల్ సగంలో అత్తగారు లేవబోతుంటే, ఇల్లాలు గొంతు సవరించుకుంది.

“ఒకాయన వచ్చాడు.”

అత్తగారు కూర్చుండిపోయారు. “ఎలాంటాయన?”

“మీసాలున్నాయి.”

“మీసాలు నాకెందుకే, ఏం చేస్తున్నాడో చెప్పు.”

“ఏం చెయ్యడం లేదత్తయ్యా. నించున్నాడు.”

“వాడు ఇంతకంటే బాగా చెప్పేవాడు.”

“రేపటికి నేర్చుకుంటాను.”

నేర్చుకుంది. అన్నం కూడా మరో ముద్ద ఎక్కువ కలిపింది అత్తగారికి, ఆవిడ వద్దనలేదు. ఇప్పుడు సీరియల్ చివరిదాకా నడుస్తున్నా నడిమి భాగం మళ్ళీ కరువైంది, ఎవరు ఎందుకు చేశారో ఇద్దరూ వాదించుకోవడంలోనే పోతుంది.

మొన్న అలా వాదన మంచి రసపట్టులో ఉండగా మాటలు ఆగిపోయాయి.

“ఏమిటే, ఆగింది?”

ఇల్లాలు తెర మీది అక్షరాలు కూడబలుక్కుని చదివింది.

“పెట్టె ఏదో అడుగుతోందత్తయ్యా. కొత్తగా అయిపోనా అంటోంది.”

“నువ్వేమంటావు?”

“రేపు చూద్దామంటాను.”

“తర్వాత” అన్న మీట నొక్కింది. పెట్టె రోజూ అడుగుతూనే ఉంది. కూతురు ఫోనులో, “అమ్మా, అది ఒక్క నిమిషం పనే, చేసెయ్యకూడదూ?” అంటుంది. చేస్తానులే అంటుంది ఇల్లాలు, చిక్కుడుకాయల చేట ముందుకు లాక్కుంటూ.