మంట పుట్టని కాటుక

కాటుక పెట్టుకోలేని బ్యూటీషియన్‌ని నేను. చిలకలూరిపేటలో పన్నెండేళ్లుగా చిన్న పార్లర్ నడుపుతున్నాను. ఎంతమంది పెళ్లికూతుళ్ల కళ్లు దిద్దానో నాకే గుర్తులేదు. నా కళ్లకు మాత్రం ఏదీ పడదు. మా వీధి చివరే జిన్నింగు మిల్లు. పత్తి సీజను మొదలైతే గాలిలో దూది నూగు తేలుతూ ఉంటుంది. ఆ నాలుగు నెలలూ కళ్లు ఎర్రబడి, నీళ్లు కారుతూనే ఉంటాయి. అందుకే కొత్త కాటుక ఏది కొన్నా ముందు నా కంటికే పెట్టుకుని చూసేదాన్ని. నా కన్ను ఓర్చుకుంటే ఇంకెవరి కన్నయినా ఓర్చుకుంటుందని నా నమ్మకం.

నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది మిల్లుల్లో పనిచేసేవాళ్లు, కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లు. రోజంతా ఆ ఘాటులో కూర్చునే వాళ్ల కళ్లు నా కళ్లకంటే అధ్వానం. "మంట పుట్టని కాటుక ఏదన్నా ఉందా అక్కా?" అని అడగనివాళ్లు లేరు. ఫ్యాన్సీ షాపుల్లో దొరికే చవక పెన్సిళ్లు పెట్టిన పది నిమిషాలకే కన్ను చింతనిప్పయ్యేది. సున్నితమైన కళ్లకోసమని అమ్మేది ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. బాగానే ఉంది. ధర చెబితే మాత్రం, "రెండురోజుల కూలి కంటికి పూసుకోమంటావా?" అని నవ్వేవాళ్లు.

రెండేళ్ల కిందట చీరలు కొందామని చీరాల వెళ్లాను. ఒక నేతపనివారి ఇంట్లో మగ్గం పక్కన డెబ్బై ఏళ్ల ఆవిడ కూర్చుని నూలు కండెలు చుడుతోంది. చీరలు చూడ్డం మానేసి ఆవిడ కళ్లే చూస్తూ ఉండిపోయాను. సన్నటి కాటుక, చెదరకుండా, తేటగా ఉన్న కళ్లు.

"ఏం కాటుకండీ అది, పిన్నిగారూ?" అన్నాను.

"ఇంట్లో చేసుకున్నదేనమ్మా. ఆముదం దీపం మీద కంచుగిన్నె బోర్లిస్తే మసి పడతది. దాంట్లో కాస్త నెయ్యి వేసి మెదుపుతా. అంతే."

చిన్న డబ్బీలో కొంచెం పెట్టి ఇచ్చింది. ఇంటికొచ్చి నా కంటికి పెట్టుకున్నాను. ఒక రోజు, రెండు రోజులు, వారం. మంట లేదు, దురద లేదు. వారం తర్వాత మా ఆయన అన్నం తింటూ తలెత్తి, "ఏంటి, కొత్తగా కనపడుతున్నావు?" అన్నాడు. లోపలికి వెళ్లి అద్దంలో చాలాసేపు చూసుకున్నాను. పెళ్లయ్యాక నా కళ్లలో వారం పాటు కాటుక నిలవడం అదే మొదలు.

ఇక ఆగలేదు. ముందు ఆవిడ చేత పది డబ్బీలు చేయించాను. అవి వారంలో అయిపోయాయి. "ఆముదం దీపం కాటుక, కెమికల్స్ లేవు, పసిపిల్లలకు కూడా పెట్టొచ్చు" అని నేనే అందరికీ చెప్పాను. డబ్బీల మీద "సహజం" అని స్టిక్కర్లు కూడా వేయించాను. చవకగా ఇచ్చేదాన్ని కాబట్టి కూలికి పోయేవాళ్లు కూడా కొన్నారు. పెళ్లిళ్ల రోజులు దగ్గరపడగానే చీరాలకు ఫోన్ చేసి నలభై డబ్బీలు కావాలన్నాను.

"నలభయ్యా? నా వల్ల కాదమ్మా. దీపం ఇచ్చేది చిటికెడు మసి," అంది ఆవిడ.

"ఎట్టాగోలా సర్దండి పిన్నిగారూ. చాలామందికి మాటిచ్చేశాను."

పదిహేను రోజుల్లో నలభై డబ్బీలూ వచ్చాయి. ఎలా వచ్చాయని నేను అడగలేదు. తెలిసిన మనిషే కదా అని నా కంటికి పెట్టి చూడనూ లేదు.

ఆ డబ్బీల్లో ఒకటి ఒక పెళ్లికూతురికి ఇచ్చాను. మా ఊరికి ఐదు కిలోమీటర్లలో ఉన్న పల్లె ఆ అమ్మాయిది. తల్లితో కలిసి మిరపకాయల పనికి వెళ్లేది. చర్చిలో పెళ్లి. పెళ్లి ఇంకా ఆరు రోజులుందనగా వచ్చి, "అక్కా, నా కళ్లు చూశావుగా. ఫోటోల్లో ఏడ్చినట్టు పడకూడదు," అంది. కాటుక పెట్టి చూపించాను. అద్దంలో చూసుకుని మురిసిపోయి, డబ్బీ తీసుకుని వెళ్లింది.

మర్నాడు పొద్దున్నే పార్లర్ తలుపు తీస్తుండగా తల్లి ఆ పిల్లను చెయ్యిపట్టుకుని నడిపించుకుంటూ వచ్చింది. పిల్ల రెండు కళ్లూ వాచి మూసుకుపోయి ఉన్నాయి. రెప్పల సందుల్లోంచి నీళ్లు కారుతున్నాయి.

"ఏం పూశావే నా బిడ్డకి? ఇంకో ఐదు రోజుల్లో పెళ్లి పెట్టుకుని ఏం చేశావు?" అని తల్లి వీధంతా వినిపించేలా అరిచింది.

పిల్లను కూర్చోబెట్టి తడిదూదితో చెంపలు తుడిచాను. దూది వైపు చూశాను. నల్లగా లేదు. నీలంగా ఉంది. మళ్లీ తుడిచాను. మళ్లీ నీలమే. మసి తుడిస్తే నల్లగానే అంటుతుందని పన్నెండేళ్లుగా నాకు తెలుసు.

ఆటో పిలిచి ముగ్గురం కంటి డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాం. ఆవిడ పిల్ల కళ్లు కడిగించి, లైటు వేసి చూసి, చుక్కలమందు రాసింది. చూపుకు భయం లేదని చెప్పాక తల్లి బల్లమీద కూలబడింది. అప్పుడు డాక్టరమ్మ నా చేతిలోని డబ్బీ తీసుకుంది.

"ఏంటిది?"

"సహజమైన కాటుకేనండీ. కెమికల్స్ ఏమీ..."

"సహజం అంటే? మిరపకాయ కూడా సహజమే కదమ్మా. కంట్లో పెట్టుకుంటావా?"

మూత తీసి దూది మీద రాసి చూసింది. "ఇందులో ఏదో రంగు కలిసింది," అంది ఆవిడ. "ఉత్త ఆముదం మసి అయినా నేను పెట్టుకోమనను. మసి మసే. పసిపిల్లలకు అసలు వద్దు." నా కంటికి పడిన ఆ మొదటి డబ్బీ కూడా మంచిది కాదా అని బిత్తరపోయాను. పసిపిల్లలు అన్న మాట మాత్రం చెవిలో అలాగే ఉండిపోయింది.

అటునుంచి అటే చీరాల బస్సెక్కాను. పర్చూరు దాటేదాకా ఎక్కడున్నానో కూడా తెలియలేదు. ఆవిడ ఇంటి తలుపు తీసే ఉంది. పెరటి వరండాలో కూర్చుని చెంచాతో డబ్బీలు నింపుతోంది. ఒకపక్క పెద్ద పెట్రోలియం జెల్లీ డబ్బా. ఇంకోపక్క ప్లాస్టిక్ కవర్లో నల్లటి పొడి. ఆవిడ చేతులు మణికట్టుదాకా నీలం.

"ఆ పొడేంటి పిన్నిగారూ?"

దాచాలన్న ఆలోచన కూడా ఆవిడకు లేదు. "రంగమ్మా. నూలుకు అద్దే నల్లరంగు, తడిస్తే నీలంగా దిగుతది. మా ఇంట్లో ఎప్పుడూ ఉంటదిగా."

"మసి ఏది?"

"మసి కూడా కలుపుతున్నా, కొంచెం. నువ్వు నలభై అన్నావు. మాటిచ్చేశానన్నావు. ఇంటినిండా దీపాలు పెట్టినా పదిహేను రోజుల్లో పది డబ్బీలకు మించి రావు. మళ్లీ అడుగుతావని ఇవీ చేస్తున్నా."

"కంట్లో పెట్టుకునేది కదండీ!"

"మా ఆయన బతికున్నన్నాళ్లూ ఆ రంగులో చేతులు ముంచాడు. ఆయనకేం కాలేదే."

"మీరు ఇదే పెట్టుకుంటున్నారా?"

ఆవిడ డబ్బీ మూత బిగించింది. "నాకు దీపంది ఉందిగా," అంది.

అరుద్దామనే వెళ్లాను, అరవలేకపోయాను. నలభై అడిగింది నేను. మాటిచ్చింది నేను. పిల్ల కళ్లు ఎలా ఉన్నాయో చెప్పాను. వింటూ వింటూ ఆవిడ చెంచా కింద పెట్టింది. చేతులు చీరకు తుడుచుకుంది, ఆ రంగు పోలేదు. "పెళ్లెప్పుడు?" అని మాత్రం అడిగింది. ఏ రోజో, ఏ ఊరి చర్చో చెప్పి వచ్చేశాను.

తర్వాతి మూడు రోజులూ పార్లర్ తీయలేదు. ఎవరెవరికి ఇచ్చానో గుర్తుచేసుకుంటూ, డబ్బీలు వెనక్కి తీసుకోవడానికి ఇల్లిల్లూ తిరిగాను. కొందరు తిట్టారు. ఒకామె, "నాకేం కాలేదు, నేనివ్వను," అని డబ్బీని వీపు వెనక దాచుకుంది. అరగంట బతిమాలితే గానీ ఇవ్వలేదు. మిల్లు వెనక ఇళ్లలో ఒక గడప దగ్గర ఆగిపోయాను. తల్లి కాళ్ల మీద నాలుగు నెలల పాప. స్నానం చేయించి, సాంబ్రాణి వేసి, కళ్లనిండా కాటుక దిద్ది ఉంది. నా డబ్బీ పక్కనే మూత తీసి ఉంది.

"పసిపిల్లలకు పెట్టొచ్చని నువ్వేగా చెప్పావక్కా," అంది ఆ తల్లి నవ్వుతూ.

ఆ తల్లీబిడ్డలను వెంటబెట్టుకుని మళ్లీ డాక్టరమ్మ దగ్గరకు పరుగెత్తాను. పాప కళ్లకు ఏమీ కాలేదని ఆవిడ చెప్పాక, ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. పాప తల్లే నన్ను ఊరుకోబెట్టింది.

పెళ్లినాటికి పెళ్లికూతురి వాపు తగ్గింది. కొద్దిగా ఎరుపు మిగిలింది. కంటికి ఏమీ తగలనివ్వొద్దని డాక్టరమ్మ ఆర్డరు. నేను జడ వేశాను, పూలు పెట్టాను, ముసుగు సర్దాను. తల్లి నాతో మాట్లాడలేదు గానీ, వద్దని కూడా అనలేదు.

ప్రార్థన అయ్యి అందరూ బయటికి వస్తున్నారు. గేటు దగ్గర చూసి ఉలిక్కిపడ్డాను. చీరాల పిన్నిగారు. చేతిలో గుడ్డసంచీ, ఎండకు వాడిన ముఖం. ఆ వయసులో రెండు బస్సులు మారి వచ్చింది.

"మీరిక్కడికెందుకొచ్చారండీ?" అన్నాను గొంతు తగ్గించి.

"ఆ పిల్ల కళ్లు ఒకసారి చూసి పోదామని."

నేను ఆపేలోపే పెళ్లికూతురు మా దగ్గరకు వచ్చింది. నా తరఫు పెద్దావిడ అనుకుని వంగి, "దీవించండి మామ్మగారూ," అంది. ఆవిడ చెయ్యి ఆ పిల్ల తలమీద పెట్టి, ముఖం ఎత్తి, ఒక్కో కన్నూ పరిశీలనగా చూసింది. చెప్పకుండా వెళ్లిపోతే బాగుండునని మనసులో అనుకున్నాను. ఆవిడ వెళ్లలేదు.

"ఆ కాటుక చేసింది నేనేనమ్మా. రంగు కలిపాను. నాదే తప్పు."

పెళ్లికూతురు మెల్లగా వెనక్కి తిరిగి తల్లి ఎక్కడుందో చూసుకుంది.

"గట్టిగా అనకండి మామ్మగారూ. మా అమ్మ విన్నదంటే ఇక్కడే గొడవ పెట్టుకుంటది," అంది. ముసుగు సర్దుకుని, "భోజనాలు అటుపక్క. తినిపోండి," అని నా వైపు చూసి, "అక్కా, నువ్వే తీసుకెళ్లు," అంది.

ఆవిడా నేనూ చివరి బంతిలో పక్కపక్కన కూర్చుని తిన్నాం. ఆవిడ వేళ్లకు నీలం ఇంకా పూర్తిగా వదల్లేదు.

ఇప్పుడు నా పార్లర్‌లో కన్ను లోపలి అంచుకు ఏదీ పెట్టను. కళ్లు ఓర్చుకునేవాళ్లకు రెప్ప బయట సన్నగీత గీస్తాను, అదీ ఎవరి పెన్సిలు వాళ్లే తెచ్చుకోవాలి. ముందు చెవి వెనక రాసుకుని రెండు రోజులు చూసుకోమంటాను. మంట పుట్టని కాటుక చవకలో ఉందా అని ఇప్పటికీ అడుగుతుంటారు. నేను వెతికినంతలో దొరకలేదని చెబుతాను. కొందరు నవ్వి, పక్క వీధి పార్లర్‌కు వెళ్లిపోతారు.