మంగళవారం డాక్టరు

పన్ను పోయి రెండేళ్ళయినా, అన్నం ముందు కూర్చున్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుద్ది. చల్లారిందిలే అనుకుంటానా, ఒక్క ముద్ద నమల్లేక అట్టాగే మింగాల్సొస్తే చాలు, మళ్ళీ మొదలు. ముప్పై ఏళ్ళప్పుడు ఎడమపక్క రెండు దవడపళ్ళు పీకించుకున్నాను. అప్పట్లో పన్ను నొప్పంటే పీకడమే, ఇంకో వైద్యం ఉందని మాకు చెప్పినవాళ్ళు లేరు. అప్పట్నుంచీ నమలడమంతా కుడిపక్కే. మాంసం ముక్కయినా, జొన్నరొట్టయినా, వేయించిన శనక్కాయలయినా ఆ ఒక్క పక్కే. నాకు తిండంటే ఇష్టం. ఆడవాళ్ళు ఈ మాట పైకి చెప్పుకోవడానికి సిగ్గుపడతారు, నాకేం సిగ్గులేదు. అందుకే కుడిపక్క పెద్ద పన్ను నొప్పి పుట్టినప్పుడు, నొప్పికంటే ముందు భయం పట్టుకుంది. ఇదీ పోతే ఇక దేంతో తినాలి?

మాది నరసరావుపేటకు అరగంట దూరంలో ఊరు. మిరప పండించే ఇల్లు. ఇంట్లో నేను, మా ఆయన, మా అత్త. పెళ్ళయి వచ్చిన నాటినుంచీ నాకు అన్నం ఎంత పెట్టుకోవాలో తప్ప మిగతా అన్నీ మా అత్తే చెప్పింది. ఆ పొద్దున లేచేసరికి నా దవడ బూరెలాగా పొంగి ఉంది. నోరు తెరుచుకోవటం లేదు. నన్ను చూసి మా ఆయన వెంటనే బండి తీశాడు. నరసరావుపేటలో పళ్ళాసుపత్రికి పోయాం. రూట్ కెనాల్ చేసే పెద్ద డాక్టరు గుంటూరు నుంచి వారానికి ఒక్కరోజే వస్తాడంట, అదృష్టం కొద్దీ అది ఆ రోజే. అదృష్టమని అప్పుడు అనుకున్నాను. అది మంగళవారం.

పని చేసినంత సేపూ నాకు నొప్పి తెలియలా. అయిపోయాక ఆయన కుర్చీ పైకి లేపి నిదానంగా చెప్పాడు. "అమ్మా, ఇవాళ్టితో అయిపోలేదు. లోపల నరం తీసి, శుభ్రం చేసి మూసేశాను. పైన పెట్టింది టెంపరరీ సిమెంటు. నాలుగు రోజులు కొంచెం సలుపు ఉంటుంది, భయపడొద్దు. వచ్చే మంగళవారం రండి, తట్టి చూసి, ఎక్స్‌రే తీసి, పక్కా సిమెంటు వేస్తాను. ఆ తర్వాత రెండుసార్లు వస్తే క్యాపు. క్యాపు పడేదాకా ఆ పక్క గట్టివి నమలొద్దు. నరం తీసిన పన్ను ఎండుకట్టెతో సమానం, చీలిపోతుంది." ఇంటరు దాకా చదివినదాన్ని, ఒక్క ముక్క పొల్లుపోకుండా అర్థమయింది.

ఇంటికొచ్చాక మా అత్త గడపలోనే అడిగింది. "ఏమన్నాడే డాక్టరు?"

"వచ్చే మంగళారం మళ్ళీ రమ్మన్నాడు అత్తా."

"చూశావా! నేననుకుంటానే ఉన్నా. మంగళారం మారు కోరుద్ది. మంగళారం పోయావు గనకే మళ్ళీ రమ్మన్నాడు."

మా వైపు ఈ పట్టింపు చానా గట్టిది. మంగళవారం ఆసుపత్రి గడప తొక్కితే ఆ పని ఒకసారితో పోదు, మళ్ళీ మళ్ళీ తిప్పుద్ది అంటారు. ప్రాణం మీదికొస్తే తప్ప ఎవరూ ఆ రోజు బయల్దేరరు. నేను ఓపిగ్గా చెప్పాను. "అత్తా, ఏ వారం పోయినా మళ్ళీ రమ్మంటాడు. ఇది నాలుగైదుసార్లు పోయే పనే."

"ఈసారి కూడా మంగళారమే పోయావనుకో, ఇంకోసారి రమ్మంటాడు. కావాలంటే చూడు."

"రమ్మంటాడు! క్యాపు వెయ్యాలి గదా!"

"అదిగో," అంది.

నేను డాక్టరు మాట చెప్పేకొద్దీ ఆమె మాటే రుజువవుతంది. మా ఆయన టీవీ మీది నుంచి చూపు తియ్యకుండా, "అమ్మ చెప్తంది గదే, బుధవారం పోదాంలే," అన్నాడు. బుధవారం ఆ డాక్టరు గుంటూరులో ఉంటాడయ్యా అంటే, "అయితే గురువారం," అన్నాడు. వారాలు మారితే డాక్టరు కూడా మారతాడని ఆయన లెక్క!

ఆ మంగళవారం దాటాక గురువారమే పోయాను, ఒక్కదాన్నే, బస్సులో. ఆసుపత్రిలో రోజూ ఉండే చిన్న డాక్టరమ్మ చూసింది. అద్దం పుల్ల వెనక్కి తిప్పి పన్ను మీద టక్కుటక్కున కొట్టి, నొప్పుందా అని అడిగింది. లేదన్నాను. ఎత్తుగా తగుల్తందేమో చూడటానికి నీలం కాగితం పెట్టి కొరకమంది. అరిగిన సిమెంటు తీసి కొత్తది పెట్టింది. "ఇంతవరకే నేను చెయ్యగలనమ్మా, మిగతాది సార్ చెయ్యాలి. మంగళవారం తప్పకుండా రండి, ఆలస్యం చెయ్యొద్దు," అంది. పాపం, బతిమాలినట్టే చెప్పింది.

నా తప్పు కూడా చెప్పాలి. నొప్పి పూర్తిగా పోయింది. నొప్పి లేని పన్ను కోసం ఇంట్లో రోజూ గొడవేంది అని నాకూ అనిపించింది. పైగా మిరపకోతలు మొదలయినయ్. కల్లంలో కాయ ఆరబోసి, కూలీలకు వండి, మబ్బు పడితే పట్టాలు కప్పడానికి పరిగెత్తి, రోజెక్కడ మొదలయ్యేదో ఎక్కడ పోయేదో తెలిసేది కాదు. అయినా ఒక మంగళవారం చీర మార్చుకుని, సంచీ తీసుకుని, చెప్పులేసుకుని బయటికొచ్చాను. మా అత్త అరుగు మీద కూర్చుని ఉంది. తిట్టలా. తిడితే పోయుండేదాన్ని. "నీ ఇష్టం తల్లీ. నా మాటకేం విలువ. రేపు ఏదన్నా అయితే నన్ను మాత్రం అనొద్దు," అంది, అంతే. నేను చెప్పులు విడిచి లోపలికొచ్చాను. అందరి మీదా ఉన్న కోపం ఒక ఎత్తు, ఆ చెప్పులు విడిచినందుకు నా మీద నాకున్న కోపం ఒక ఎత్తు.

నాలుగు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం గోంగూర పచ్చడి కలుపుకుని, నంజుకోవడానికి ఉల్లిపాయ ముక్క కొరికాను. ఉల్లిపాయ! శనక్కాయ కాదు, ఎముక కాదు. నోట్లో టక్కుమంది. నాలుకతో తడిమితే పన్ను రెండుగా కదులుతంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు పరిగెత్తాను. అది గురువారం. డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి, సార్‌కి ఫోన్లో పంపి, ఆయన మాట విని నా పక్కన కూర్చుంది. "వేరు దాకా చీలిందమ్మా. ఉంచలేం. క్యాపు ఎందుకు వేయించుకోలేదు?" మంగళవారం అని చెప్పడానికి నోరు రాలా. పనులున్నయ్ అన్నాను. పన్ను పీకేసింది.

ఇంటికొచ్చి దూది కొరుక్కుని కూర్చుంటే మా అత్త వచ్చి నా తల నిమిరింది. "గురువారం పీకించుకున్నావు, మంచిపని చేశావు. ఇక మళ్ళీ తిరిగే పనుండదు," అంది. ఆమె ప్రేమగానే అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోట్లో దూది ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ రోజు మా ఇంట్లో పెద్ద రామాయణమే అయ్యేది. ఆ నెలంతా మెత్తటి పప్పన్నం, రాగి జావ. ఇంట్లో మాంసం వండింది నేనే, పులుసు మాత్రమే తిన్నదీ నేనే.

కిందటేడు మా ఆయనకు దవడపన్ను నొప్పి వచ్చింది. సోమవారం సాయంత్రం మొదలయింది. మంగళవారం పొద్దున నేను పొయ్యి దగ్గర ఉంటే, మా అత్త కొడుక్కి తనే వేణ్ణీళ్ళు కాచి, సీసాలో మంచినీళ్ళు పోసి సంచీలో పెడతంది. "తొందరగా బయల్దేరు నాయనా. గుంటూరు డాక్టరు ఇయ్యాలే గదా వచ్చేది, మళ్ళీ జనం ఎక్కువైపోతారు," అంటంది.

చెవులు సరిగ్గా విన్నయ్యో లేదోనని చేతిలో గరిటె కింద పెట్టి ఇవతలికొచ్చాను. "అత్తా, ఇయ్యాల మంగళారం. మారు కోరదా?"

ఆమె తడబడలా. "మగోడు, పొలం పనులున్నోడు. నొప్పి పెట్టుకుని ఎట్టా కూర్చుంటాడే?"

అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అని ఊరికే అన్నారా! మా ఆయన దవడ పట్టుకుని నేలచూపులు చూస్తన్నాడు. ఆయనకు తెలుసు. తెలిసీ బండి తాళం జేబులో వేసుకున్నాడు. నేను ఆ రోజు ఒక్క గిన్నె కూడా విసరలేదు. విసరాల్సింది.

పైగా ప్రతిసారీ ఆయన వెంట పోయింది నేనే. డాక్టరు చెప్పింది ఆయన బుర్రకెక్కదు. మూడురోజులు సలుపు ఉంటే పన్ను పాడైందని ఇల్లంతా తిరిగాడు, అది మామూలే, వాపొస్తే చూద్దామని కూర్చోబెట్టాను. నరం తీశాక మొదటి మంగళవారం తట్టి చూసి పక్కా సిమెంటు వేశారు. రెండో మంగళవారం పన్ను చుట్టూ అరగదీసి, నోట్లో ముద్ద పెట్టి అచ్చు తీశారు. ఈయన ఓక్ మని డాక్టరు చెయ్యి కొరికినంత పని చేశాడు. మూడో మంగళవారం క్యాపు. ఎత్తుగా తగుల్తందంటే నీలం కాగితం కొరికించి రెండుసార్లు అరగదీశారు. ఇన్ని మంగళవారాల్లో మా అత్త మారు అన్న మాట ఎత్తితే ఒట్టు. క్యాపు పడ్డ ఆదివారం ఆయన నా పక్కనే కూర్చుని బొమికలు పటపటా కొరికి మూలుగ పీల్చాడు. ఆయన పన్ను నిలబడినందుకు నాకు సంతోషమే. కానీ ఆ చప్పుడు వింటా కూర్చోవడం నావల్ల కాలా, కంచం తీసుకుని వంటింట్లోకి పోయాను.

ఆర్నెల్ల తర్వాత చివరి చూపు. పోయిన మంగళవారమే. డాక్టరు కొత్త ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి, వేరు కింద ఇదివరకున్న నల్లమచ్చ పోయి ఎముక పూడుకుందని మాకు చూపించాడు. మా ఆయన చానా గొప్పపని చేసినోడిలా తలూపాడు. అప్పుడు డాక్టరు నా వంక తిరిగాడు. "అమ్మా, మీ ఖాళీ అట్లాగే ఉంచారా? ఒకసారి కుర్చీలో కూర్చుని నోరు తెరవండి." చూసి, పెదవి విరిచాడు. "పైపన్ను కిందికి జారుతోంది. ఇంకొన్నాళ్ళు ఇట్లాగే ఉంటే అదీ పోతుంది, ఇక ఈ పక్క కూడా నమలడానికేమీ మిగలదు. అటూ ఇటూ పళ్ళ ఆధారంతో బ్రిడ్జి కట్టేద్దాం. నాలుగుసార్లు రావాలి. వచ్చే మంగళవారం మొదలుపెడదామా?"

నేను నోరు మూసేలోపే మా ఆయన అందుకున్నాడు. "ఇంట్లో అమ్మనడిగి చెప్తాం సార్."

అదే నోటితో. మంగళవారం మంగళవారం తిరిగి బాగుచేయించుకున్న అదే నోటితో!

కుర్చీలోంచి దిగాను. నా గొంతు బయట బల్లల మీద కూర్చున్నవాళ్ళకు కూడా వినపడి ఉంటది, వినపడనీ. "రాసుకోండి సార్, వచ్చే మంగళారం. ఆపై మంగళారం, దాని తర్వాతది, దాని తర్వాతది, నాలుగూ ఇప్పుడే రాసెయ్యండి. ఎవర్నీ అడిగేది లేదు."

బయటికొచ్చాక బండి స్టార్టు చెయ్యకుండా నిలబడి మా ఆయన మెల్లిగా అడిగాడు. "అమ్మకేం చెబుదామే?"

"నీకు పొలం పనులున్నయ్యంది గదా," అన్నాను. "నాకు అన్నం తినే పనుందని చెప్పు. నువ్వే చెప్పు."