ఆ షోలో అమ్మ

ఆ షో పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట. ఓ యూదుల కుర్రాడి కథ. వాడి అమ్మా నాన్నా విడిపోయారు, వారం ఇక్కడ, వారం అక్కడ. పదమూడేళ్ళు నిండగానే వాడికి బార్ మిట్స్వా చెయ్యాలి. అంటే బంధువులందరి ముందూ నిలబడి వాళ్ళ గ్రంథం చదవాలి, ఆ రోజుతో వాడు పెద్దవాడైనట్టు లెక్క. ఆ వేడుక ఎక్కడ చెయ్యాలి, వాడి పక్కన ఎవరు నిలబడాలి అని తల్లీ తండ్రీ కొట్టుకోవడమే సీజన్ అంతా. కాసేపు నవ్విస్తారు, కాసేపు ఏడిపిస్తారు అని అందరూ తెగ మెచ్చుకున్నారు. నన్ను మాత్రం మండించారు.

ఎందుకంటే ఆ నవ్వంతా తల్లిమీదే. తండ్రి నోట్లో నాలుక లేనివాడు, పాపం మంచివాడు. తల్లికేమో అరవడం తప్ప ఇంకో పని లేదు. పూజారిమీద అరుస్తుంది, కేటరింగ్ వాళ్ళమీద అరుస్తుంది, పార్కింగ్ లాట్‌లో మాజీ మొగుడి కారుకి అడ్డంగా నిలబడి, జుట్టు రేగిపోయి, హ్యాండ్‌బ్యాగ్ ఊపుకుంటూ అరుస్తుంది. ఆవిడ నోరు తెరిస్తే చాలు, మా అబ్బాయి సోఫామీద పడి దొర్లేవాడు. వాడి నవ్వు ఓ పట్టాన ఆగదు. ఎక్కిళ్ళు వచ్చేదాకా నవ్వుతాడు.

"ఏముందిరా అందులో అంత నవ్వడానికి?" అని అడిగాను ఒక సాయంత్రం, వాడికి పప్పన్నం కలిపిస్తూ.

"అమ్మా, షీ ఈజ్ సో యూ!"

నేనూ విడిపోయినదాన్నే. ఇక్కడ అమెరికాలో, మా ఫార్మింగ్టన్ హిల్స్ అపార్ట్‌మెంట్‌లో వాడు ఒక వారం, కార్ల కంపెనీలో ఇంజనీరైన వాళ్ళ నాన్న కొనుక్కున్న పెద్దింట్లో ఇంకో వారం. అరిచానంటే అరిచాను, అరవకపోతే ఆ అత్తింట్లో నా మాట వినేదెవరు? అయినా కన్నకొడుక్కి నేను టీవీలో నవ్వులాటలా కనబడుతున్నానా? రిమోట్ లాక్కుని కట్టేశాను. మర్నాడు వాడే మళ్ళీ పెట్టుకున్నాడు.

ఆ షో చూసీ చూసీ ఉన్నాడు కాబట్టే, వాళ్ళ నాన్న ఒడుగు చేసి జంధ్యం వేయిద్దామని మాట ఎత్తగానే మావాడు "కూల్, మన బార్ మిట్స్వా" అని ఒప్పేసుకున్నాడు. నేను కాదనలేదు. కాదంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. ఎందుకంటే ఒడుగు పేరు చెప్పి మా మాజీ అత్తగారు రాజమండ్రి నుంచి దిగారు. దిగిన మర్నాడే ఫోను.

"అమ్మాయ్, శుభమా అని పిల్లాడి ఒడుగు. నువ్వు రావాలి సుమా. రాకపోతే నలుగురూ ఏమనుకుంటారు? పీటలమీద మాత్రం మా పెద్దాడూ, పెద్దకోడలూ కూర్చుంటారు, పిల్లాడికి పెదనాన్నా పెద్దమ్మా కదా. మొదటి భిక్ష కూడా అదే వేస్తుంది."

"పీటలు మీరే ఉంచుకోండి అత్తయ్యగారూ. మొదటి భిక్ష తల్లిది. వాణ్ణి కన్నది నేను."

"కన్నావులే, ఎవరు కాదన్నారు? కాపరం నిలబెట్టుకోలేనిదానివి, శుభకార్యంలో ముందుకొచ్చి నిలబడతానంటే ఎట్లా?"

ఫోను పెట్టేశాను. పళ్ళు నూరుకున్నాను. నాకు మంత్రాలమీద పెద్ద గురి లేదు. కానీ జంధ్యం వేసుకున్న పిల్లవాడు జోలె పట్టుకుని "భవతి భిక్షాం దేహి" అని మొట్టమొదట అడిగేది తల్లిని. తల్లి దోసిళ్ళతో బియ్యం పోశాకే తక్కినవాళ్ళు పొయ్యాలి. వాడి ఇంట్లో నాకు గది లేకపోతే పోయింది, ఆ ముందు చోటు నాది. దాన్ని కూడా లాక్కుంటారా? వీళ్ళ దుంప తెగ!

వాళ్ళ నాన్నకి ఫోన్ చేస్తే, "ప్లీజ్, మా అమ్మతో ఆర్గ్యూ చెయ్యకు. ఆ రోజు సీన్ చెయ్యకు. వాడికి షేమ్‌గా ఉంటుంది," అన్నాడు. ఆ ఒక్క మాట పనిచేసింది. పార్కింగ్ లాట్‌లో జుట్టు రేగిన ఆ ఆడమనిషి కళ్ళముందు కదిలింది. వీళ్ళందరి ముందూ నేను ఆవిణ్ణి కాను. నోరు కుట్టేసుకుని కూర్చుంటాను, నా కొడుకు నన్ను చూసి నవ్వడానికి వీల్లేదు అనుకున్నాను.

ఒడుగు రోజు గుడి హాల్లో చివరి వరసలో మడత కుర్చీమీద కూర్చున్నాను. హ్యాండ్‌బ్యాగ్‌లో జిప్‌లాక్ సంచీనిండా బియ్యం. ఎక్కడో ఆశ చావలేదు. అత్తగారు మాటిమాటికీ వెనక్కి తిరిగి, నేను కుర్చీలోనే ఉన్నానో లేదో చూసుకుంటున్నారు. పెద్దకోడలు పట్టుచీర గరగరలాడించుకుంటూ పీటమీద ఉంది. పాపం ఆవిడదేం తప్పు అనాలని ఉంది. అనను. "ఇది నా పని కాదు అత్తయ్యా" అనడానికి ఆవిడకి నోరుంది. అనలేదు.

జుట్టు పొట్టిగా కత్తిరించి, పసుపు పంచె కట్టారు మావాడికి. ఎముకలగూడులా, ముద్దుగా ఉన్నాడు. పంతులుగారు జోలె చేతికిచ్చి, "తల్లి దగ్గరికి వెళ్ళు నాయనా, గట్టిగా అడుగు," అన్నారు.

వాడు తిన్నగా చివరి వరసకేసి చూశాడు.

పెద్దకోడలు వెండిపళ్ళెం పట్టుకుని వాడి ముందుకొచ్చింది. వాడు జోలె చాపలేదు. నన్నే చూస్తున్నాడు. నేను అరుస్తానేమోనని హడలిపోతున్నాడు కాబోలు అనుకుని తల దించేసుకున్నాను. "అడుగు నాయనా, ఆలస్యమవుతోంది," అన్నారు పంతులుగారు. ఆఖరికి వాడి గొంతు వినబడింది, ఎవరో మెడ పట్టుకుని అనిపించినట్టు. పళ్ళెంలోంచి జోలెలోకి బియ్యం జారిన చప్పుడు విన్నాను. ఏడుపు రాలేదు నాకు, కోపంతో చెవులు వేడెక్కాయి.

తర్వాత మేనత్త, ఆ తర్వాత ఫోన్లు పైకెత్తి వీడియోలు తీసుకుంటూ ఆంటీలందరూ వేశారు. వరసలన్నీ దాటి నా దగ్గరికొచ్చేసరికి జోలె నిండి బరువుగా వేలాడుతోంది. మొహం ఎర్రగా ఉంది. భిక్ష అడగలేదు. వంగి, నాకు మాత్రమే వినబడేలా, "అమ్మా, వాట్ హ్యాపెండ్ టు యూ? నేను వెయిట్ చేశా. నువ్వు ఎందుకు అరవలేదు?" అన్నాడు.

"అరిస్తే నీకు షేమ్ కదరా. ఆ షోలో ఆవిడలాగ."

"అమ్మా, షీ షోస్ అప్! ఎవ్రీ టైమ్ ఆ అబ్బాయి కోసం వస్తుంది. అందుకే నాకు ఆవిడ ఇష్టం."

కుర్చీ ఎప్పుడు వెనక్కి పడిందో నాకు తెలీదు.

"పంతులుగారూ, ఆపండి! మొదటి భిక్ష మళ్ళీ అడగాలి. తల్లి ఇక్కడుంది!"

హాలంతా వెనక్కి తిరిగింది. "ఇదేం చోద్యమే అమ్మాయ్, నలుగురిలో!" అన్నారు అత్తగారు.

"నలుగురూ విననివ్వండి అత్తయ్యగారూ. కన్నది నేనైతే, పొయ్యడానికి ఇంకొకరా? మీ కొడుకుతో తెగింది గానీ వీడితో తెగలేదు నాకు."

వాళ్ళ నాన్న పరుగెత్తుకొచ్చాడు. "ప్లీజ్, సిట్ డౌన్."

"నువ్వు కూర్చో!"

కూర్చున్నాడు. పంతులుగారు వాచీ చూసుకుని, ఏదో ఒకటి త్వరగా కానివ్వండమ్మా అన్నారు.

"ఆ జోలె బోర్లించి రారా," అన్నాను. వాడు ఒక్క ఉరుకులో వెళ్ళి, పెద్దమ్మ వెండిపళ్ళెంలో అందరి బియ్యమూ గుమ్మరించాడు. పళ్ళెం నిండి ఆవిడ పట్టుచీర కుచ్చిళ్ళమీదుగా కిందకి రాలాయి. ఖాళీ జోలె పట్టుకుని హాలు మధ్యలోంచి తిరిగొచ్చి, పైకప్పు ఎగిరిపోయేలా అరిచాడు.

"భవతి భిక్షాం దేహి!"

క్లిప్పు ఊడి జుట్టు మొహంమీద పడుతోంది. హ్యాండ్‌బ్యాగ్ మోచేతికి వేలాడుతూ ఊగుతోంది. సంచీ పళ్ళతో చింపి, దోసిలినిండా బియ్యం పోశాను. వాడు నన్ను ఎగాదిగా చూసి నవ్వడం మొదలుపెట్టాడు. ఆ సోఫామీద నవ్వినట్టే, ఎక్కిళ్ళు వచ్చేదాకా నవ్వాడు.