నేను విన్న కేక

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. బరువుగా ఉందా అని మీరు అడిగితే వెంటనే జవాబు చెప్పలేను. అలవాటైపోయింది. ఎప్పుడూ ఒకే భుజానికి సంచి తగిలించుకుని తిరిగే మనిషి నడక కొంచెం ఒక పక్కకు వాలుతుంది. ఆ సంగతి అతనికి తెలియదు, వెనక నడిచేవాళ్లకు తెలుస్తుంది. నా వెనక ఎవరూ నడవలేదు. అందుకే ఇన్నాళ్లు గడిచిపోయాయి.

పేరు చెప్పను. పాతబస్తీలో మాకు జరీ, పూసలు, చమ్కీలు అమ్మే దుకాణం ఉంది. మా తాత పెట్టింది. మొఘల్‌పురాలో మగ్గం పని చేసే ఖాజా మా దగ్గరే సరుకు తీసుకునేవాడు. నాకన్నా నాలుగేళ్లు చిన్న. నన్ను అన్నా అంటాడు, నేను భాయ్ అంటాను. చట్రానికి బిగించిన గుడ్డ మీద అతను వంగితే సూది దిగడం కనిపించేది కాదు, పువ్వు విచ్చుకోవడమే కనిపించేది. అతను కుట్టిన పెళ్లి జాకెట్లు చూసి మా దుకాణానికి వచ్చే ఆడవాళ్లు ఈ చెయ్యి ఎవరిదని అడిగేవారు.

ఆ ఏడాది చలికాలంలో నగరం అంచున ఒక గోల్ఫ్ పోటీ పెట్టారు. సినిమావాళ్లు, ఒకప్పుడు క్రికెట్ ఆడి మానేసినవాళ్లు, అసలైన గోల్ఫ్ ఆటగాళ్లతో జట్టు కట్టి ఆడే పోటీ. వచ్చిన పెద్దమనుషులకు కప్పే శాలువాల మీద అంచు పని ఖాజాకు దొరికింది. పని నచ్చి అతనికి రెండు పాసులు ఇచ్చారు. అతనికి గోల్ఫ్ అంటే ఏమిటో తెలియదు. నాకూ తెలియదు. కానీ ఆడేవాళ్లలో ఒక హీరో ఉన్నాడు. నాకు ఆయనంటే పిచ్చి. నలభై దగ్గరపడినా తగ్గని పిచ్చి.

"నువ్వు రా అన్నా. నీ హీరోను జర దగ్గరికెల్లి సూద్దువు" అని ఖాజాయే పిలిచాడు. రెండో పాసు తన భార్యకు ఇవ్వొచ్చు. నాకు ఇచ్చాడు.

గేటు దగ్గర అతని స్టీలు టిఫిన్ డబ్బాను లోపలికి రానివ్వలేదు. అది బండిలో పెట్టి వస్తానని వెనక్కి వెళ్లాడు. అప్పుడే మెడలో కార్డు వేసుకున్న ఒక అమ్మాయి నాతో నాలుగు మాటలు చెప్పింది. తాడు దాటకూడదు. ఫోన్లు సైలెంట్‌లో పెట్టుకోవాలి, ఆడేటప్పుడు ఫోటోలు తియ్యకూడదు. బంతి దారి తప్పితే "ఫోర్" అని అరుస్తారు, ఆ మాట వినగానే ఎటు నుంచి వస్తోందో చూడకుండా తల మీద చేతులు పెట్టుకుని కిందికి వంగాలి.

ఖాజా తిరిగొచ్చి అడిగాడు: "ఏమన్నది మేడం?"

"ఏం లేదు భాయ్. ఫోన్ సైలెంట్‌ల పెట్టుకోవాల్నంట."

ఎందుకు చెప్పలేదు? మరిచిపోయానని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. మరిచిపోలేదు. ఒక్క నిమిషం క్రితం విన్న మాట ఎవరు మరిచిపోతారు? చెప్పేంత విషయం అనిపించలేదు, అంతే. హీరో అప్పటికే మూడో గుంట దగ్గరికి వెళ్లిపోయాడని ఎవరో అన్నారు. నాకు తొందరగా ఉంది.

లోపల ఆ పచ్చదనం చూసి ఖాజా వంగి అరచేత్తో గడ్డిని నిమిరాడు. "ఖాలీన్ లెక్కనే ఉన్నది అన్నా" అన్నాడు. తివాచీ చూసినట్టు చూశాడు, ఎవరు నేశారా అన్నట్టు. తెల్ల ప్యాంట్లు, టోపీలు వేసుకున్నవాళ్ల మధ్య మేమిద్దరమే కొత్తగా ఉన్నాం. ఎవరూ మమ్మల్ని ఏమీ అనలేదు. అందరూ గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. అంతమంది ఉన్నచోట అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

హీరో కనిపించాడు. తెర మీద కంటే పొట్టిగా ఉన్నాడు. నేను ఖాజా చేతిలో నా ఫోన్ పెట్టి, ఆయన బంతి కొట్టేటప్పుడు వెనకాల ఆయన పడేలా నన్ను ఫోటో తియ్యమన్నాను. తియ్యొద్దన్నారన్న మాట కూడా చెప్పలేదు. తాడు వెంబడి ముందుకు నడిచి, దూరంగా హీరో నిలబడ్డ గట్టుకు వీపు పెట్టి నిలబడ్డాను. ఖాజా నాకు ఎదురుగా పది అడుగుల అవతల ఫోన్ పైకెత్తాడు. అతని మొహం అటే ఉంది. చూపు మాత్రం ఫోన్ మీదే ఉంది.

నా వెనక కర్ర బంతికి తగిలిన చప్పుడు వినిపించింది. వెంటనే కేక.

"ఫోర్!"

మళ్లీ ఒకసారి, ఇంకా గట్టిగా.

నేను వంగాను. రెండు చేతులూ తల మీద పెట్టుకుని మోకాళ్ల మీదికి వంగిపోయాను. వంగుతూ ఖాజా కాళ్లు చూశాను. అతను నిలబడే ఉన్నాడు. కూర్చో అనడానికి నాకు సమయం ఉంది. ఎంత అంటే చెప్పలేను, కానీ ఉంది. ఒక్క మాటకు సరిపోయేంత. నా నోరు తెరుచుకోలేదు. చేతులు తల మీద ఉన్నప్పుడు మనిషికి ఇంకొకడు గుర్తురాడా? అందరికీ అంతేనా, నాకేనా?

తరువాత వినిపించింది పెద్ద చప్పుడేమీ కాదు. తడిసిన గుడ్డను రాతి మీద వేసినట్టు. ఫోన్ గడ్డిలో పడింది. ఖాజా ఎడమ కంటి మీద చెయ్యి పెట్టుకుని, "యా అల్లా" అని మెల్లగా, ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదన్నట్టు అన్నాడు.

అంబులెన్సులో పక్కన కూర్చున్నాను. ఆసుపత్రిలో సంతకాలు పెట్టాను. అతని భార్యకు నేనే ఫోన్ చేశాను. చెయ్యాల్సినవన్నీ చేశాను. ఆ రోజంతా నన్ను చూసినవాళ్లు ఇలాంటి స్నేహితుడు ఉండాలి అనుకుని ఉంటారు. ఆ మాట కొందరు అన్నారు కూడా. కన్ను దక్కలేదు.

మర్నాడు పోటీ పెట్టినవాళ్లు నన్ను పిలిపించారు. గదిలో నీలం టై కట్టుకున్న ఒకాయన, ఆయన ముందు కాగితం. తలుపు దగ్గర యాభై ఏళ్ల మనిషి నిలబడి ఉన్నాడు. మల్లేశం. ఆ రోజు హీరో కర్రల సంచి మోసిన క్యాడీ. బంతి దారి తప్పితే అరవడం అతని పని.

హెచ్చరిక ఏమైనా వినిపించిందా అని టై ఆయన నన్ను అడిగాడు.

"లేదు సార్" అన్నాను.

మల్లేశం ఒక అడుగు ముందుకు వేశాడు. "సార్, నేను ఒర్లిన సార్. రెండుసార్లు ఒర్లిన. గీ సార్ విని కిందికి వంగిండు. నా కండ్లతోని చూసిన."

టై ఆయన నా వైపు చూశాడు. నేను కిందికి, నా కాళ్ల వైపు చూశాను. ఆ రోజు కోసం కొన్న కొత్త బూట్లు. జవాబు అక్కడే దొరికింది.

"బూటు లేసు ఊడితే కట్టుకుంటున్నా సార్. నాకేం వినబడలే."

ఎంత సులువుగా వచ్చిందో! అంతకు ముందు గాని తరువాత గాని అంత సహజంగా నేనెప్పుడూ అబద్ధం ఆడలేదు. కేక వినిపించిందంటే తరువాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు: మరి మీరు వంగారు, ఆయన ఎందుకు వంగలేదు? ఆ ప్రశ్న రాకూడదు. అందుకే కేకే లేకుండా చేశాను. మల్లేశం నన్నే చూస్తూ ఉండిపోయాడు. కోపం లేదు. అర్థం కానట్టు చూశాడు. కాగితం మీద సంతకం పెట్టి బయటికి వచ్చాను. అతన్ని పనిలోంచి తీసేశారని వారం తరువాత తెలిసింది. ఇంకెవరినీ అడగలేదట, నా సంతకమే చాలింది.

అది ఒక అబద్ధం. రెండోది ఆసుపత్రిలో ఆడాను. నా దృష్టిలో అదే పెద్దది.

సంతకం పెట్టిన మూడోనాటి సాయంత్రం. ఖాజా కంటికి కట్టుతో పడుకుని ఉన్నాడు. భార్య మందుల కోసం కిందికి వెళ్లింది.

"అన్నా, ఒక్క మాట అడుగుతా."

"అడుగు భాయ్."

"గప్పుడు ఎవలో 'ఫోర్' అన్నట్టు వినవడ్డది నాకు. నాలుగు అని లెక్కవెడుతున్నరేమో అనుకున్న. ఎందుకన్నరు గట్ల?"

"ఎవలూ ఏమనలే భాయ్."

"రెండుసార్లు వినవడ్డది అన్నా."

"దెబ్బ తగిలింది కద. దిమాగ్‌ల గట్ల అనిపిచ్చి ఉంటది."

"గట్లనే అయ్యుంటది" అన్నాడు. "నువ్వు పక్కనే ఉన్నవ్ కద. ఎవలన్నా అంటే నీకు వినబడకపోవునా?"

అతని కన్ను పోవడానికి కారణం బంతి అనవచ్చు. అది ఎటైనా పోవచ్చు, ఎవరికైనా తగలవచ్చు. కానీ తాను విన్నది తాను వినలేదని అతన్ని నమ్మించింది నేను. అతనికి మిగిలి ఉన్నవాటిలోంచి కూడా ఒకటి, తన చెవుల మీద నమ్మకం, తీసుకున్నాను.

హీరో వచ్చి పరామర్శించాడు, వైద్యం ఖర్చు పెట్టుకున్నాడు. ఒంటి కంటితో సూది గుడ్డకు తగిలిందో, ఇంకా పైనే ఉందో తెలియదట. మొదట్లో రోజూ వేళ్లు పొడుచుకునేవాడు. ఏడాది ప్రయత్నించి చట్రం ముందు నుంచి లేచాడు. ఇప్పుడు నమూనాలు గీస్తాడు, భార్య కుడుతుంది. బాగానే కుడుతుంది. ఎవరి చెయ్యి అని మాత్రం ఎవరూ అడగరు.

మల్లేశాన్ని ఒకసారి చూశాను. బహదూర్‌పురా వైపు ఒక ఫంక్షన్ హాలులో పెళ్లికి వెళితే గేటు దగ్గర వాచ్‌మన్ దుస్తుల్లో ఉన్నాడు. గుర్తుపట్టాడు. నాకు తెలిసింది. గేటు తీసి పక్కకు జరిగాడు. నేను లోపలికి వెళ్లి భోజనం చేశాను. మెల్లగా, రెండోసారి పెరుగు అడిగి మరీ తిన్నాను. తిరిగి వెళ్లేటప్పుడు ఇంకో గేటు ఉందా అని అడిగి అటు నుంచి వెళ్లాను.

ఇప్పుడెందుకు చెబుతున్నాను? పోయిన నెల ఖాజా కుడి కంటి పరీక్షకు వెంట వెళ్లాను. ఎప్పుడూ నేనే వెళతాను. కొత్త డాక్టరమ్మ ఎడమ కన్ను ఎలా పోయిందని అడిగింది. ఖాజా చెప్పాడు. "ఎవలన్నా ఒర్లితే తప్పుకుందును మేడం. ఎవలూ ఒర్లలే. గీ అన్న గాడనే ఉండె, అడుగున్రి" అని నా వైపు చెయ్యి చూపించాడు.

నేను తల ఊపాను.

అబద్ధం ఒకసారి ఆడి వదిలేశానని ఇన్నాళ్లూ అనుకున్నాను. అది నిజం కాదు. అతను ఆ కథ చెప్పిన ప్రతిసారీ నేను తల ఊపుతూనే ఉన్నాను. నన్ను సాక్షిగా పెట్టుకుని అతను ఎంతమందికి చెప్పాడో. వాళ్లందరి మనసులో ఆ క్యాడీ పనికిమాలినవాడు, నేను మంచివాడిని.

మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. క్షమించమని అడగను, అది మీ చేతిలో లేదు. ఇంతవరకు రాసిన తరువాత ఒక సంగతి తట్టింది. ఖాజా నాతో తెలుగులో మాట్లాడతాడు గాని చదవలేడు. చదివితే ఉర్దూ. మల్లేశానికి అక్షరాలు వచ్చో రావో నాకు తెలియదు, ఎప్పుడూ కనుక్కోలేదు. ఇది చదవాల్సిన ఇద్దరికీ అందని చోట రాసుకున్నాను. కావాలని చేశానా? చేసే ఉంటాను. నన్ను నేను ఈపాటికి ఎరుగుదును.

అయినా రాశాను. ఆ మాట పదకొండేళ్లలో మొదటిసారి నా ఒంట్లోంచి బయటికి వచ్చింది. మల్లేశం అరిచాడు. రెండుసార్లు అరిచాడు. నేను విన్నాను, అర్థమయింది, వంగాను. ఖాజా విన్నది నిజం.