పడవకు తలంటు

నా చిన్నప్పుడు మా తోటలో చెప్పుకోదగ్గ రోడ్లు ఉండేవి కావు, కాలువలే ఉండేవి. తెలుక్ ఇంటాన్ ఊరు దాటి సముద్రం వైపు పోతే పెరాక్ నది ఒడ్డున ఉండే కొబ్బరి తోట మాది. మాది అంటే మేం పనిచేసే తోట అని. దాని సొంతదారుడి ముఖం మాలో ఎవరూ చూసి ఎరగరు. చెట్ల వరసల మధ్య తవ్విన ఆ కాలువల్ని మలాయివాళ్ళు పరీట్ అనేవారు, మేమూ అలాగే అనేవాళ్ళం. చెట్ల నుంచి దింపిన కాయలు పడవల్లోకి ఎక్కేవి. పడవలు వాటిని కొబ్బరి ఎండబెట్టే కొట్టం దాకా మోసుకుపోయేవి. అలాంటి పడవల్లో ఒకదాన్ని మా తాతయ్య నడిపేవాడు.

చలి దేశాల్లో ఆకులు రాలే వేళకు పడవల్ని ఒడ్డుకు లాగి గుడ్డలు కప్పి పెడతారని ఈమధ్య టీవీలో చూశాను. మా దేశంలో ఆకు రాలే కాలమే లేదు. మాకున్నవి రెండే కాలాలు, వాన, ఇంకా పెద్ద వాన. అయినా మా పడవలకూ ఒక ముగింపు ఉండేది. దీపావళి దగ్గరపడేసరికి గాలి మళ్ళేది, సాయంత్రాలు నల్లబడేవి, కాలువల్లో నీళ్ళు గట్ల అంచు దాకా వచ్చేవి. నది పొంగి తోటలోకి రాకుండా కాలువ చివర ఉన్న తూము తలుపు దించేసేవారు. ఆలోపే పడవలన్నీ గట్టెక్కాలి. వానలు వెనక్కి తగ్గేదాకా మళ్ళీ నీళ్ళలోకి దిగేవి కావు.

గట్టెక్కిన పడవను మా తాతయ్య ఊరికే వదిలేవాడు కాదు. బోర్లించి నాచు గీకేవాడు. పలకల సందుల్లో కొబ్బరి పీచు కూరి, నూనెలో కరిగించిన గుగ్గిలం పూసేవాడు. దీపావళి రోజు పొద్దున్నే మాతోపాటు దానికీ తలంటు పోసేవారు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. మా నెత్తిన నూనె పెట్టిన చేత్తోనే మా నానమ్మ వెళ్ళి పడవ ముక్కుకు నూనె రాసేది, పసుపు నీళ్ళు పోసేది, బొట్టు పెట్టేది. ఆ తర్వాతే మురుకుల డబ్బా మూత తీసేది. ఈ అలవాటు శ్రీకాకుళం వైపు నుంచి మా పెద్దలతో ఓడెక్కి వచ్చిందో, ఈ తోటలోనే పుట్టిందో నాకు తెలియదు. అడిగి తెలుసుకునే వయసులో నాకు మురుకుల మీదే ధ్యాస.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఒకటే కోరిక. ఆ పడవను నా చేత్తో నడిపి, కాలువ చివర తూము దాటించి, పెద్ద నదిలోకి తీసుకువెళ్ళాలి. పదేళ్ళు రానీ, పడవ నెట్టే గెడ నీ చేతికిస్తానని తాతయ్య మాటిచ్చాడు. ఆడపిల్లకు గెడ ఏమిటని నానమ్మ నొసలు చిట్లించినా ఆయన మాట తప్పే మనిషి కాదు. నాకు పదేళ్ళు వచ్చిన ఏడే తోటను అజమాయిషీ చేసే దొర ఒక నిర్ణయం తీసుకున్నాడు. ఇకమీదట కాయలు ట్రాక్టర్లలో పోతాయి, గట్ల వెంబడి మట్టి రోడ్లు వేస్తారు. వానలు తగ్గాక పడవలన్నీ నరికి కొబ్బరి కొట్టం పొయ్యిల్లోకి కట్టెలుగా వాడుకుంటారు. మా తాతయ్యకు కొట్టం దగ్గర వాకిలి ఊడ్చే పని ఇస్తామన్నారు. పెద్దవాళ్ళు ఏం బాధపడ్డారో అప్పుడు నాకు పట్టలేదు. నాకు తట్టింది ఒక్కటే, వచ్చే ఏడాదికి పడవ ఉండదు. ఈ వానలకు ముందు నదిని చూస్తే చూసినట్టు, లేకపోతే లేదు.

ఆ ఏడు కాయల దింపుడు ఆలస్యమైంది. పని ముగిసేసరికి ఎండ కాసే రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. మిగతా పడవలవాళ్ళు ఆఖరి మోత ఎక్కడ దించారో అక్కడే పడవల్ని వదిలేసి ఇళ్ళకు పోయారు. రేపు పొయ్యిలోకి పోయే కట్టెకు సేవ ఎందుకని వాళ్ళ లెక్క. మా తాతయ్య మాత్రం పొద్దునే ఎక్కడికో పోయి గుగ్గిలం సంపాదించుకొచ్చాడు, వాకిట్లో కూర్చుని పీచు పేనడం మొదలుపెట్టాడు. పక్కింటి బాబాయి అది చూసి, "ఏటి మావా, రేపు తగలెట్టేసేదానికి గుగ్గిలమేటి? బూడిదలో పోసిన పన్నీరే లా," అని నవ్వాడు. మాట చివర ఆ 'లా' మలాయివాళ్ళ దగ్గర మాకు అంటుకున్నదే. నానమ్మ కూడా, తిండికే చాలని నూనె పడవకు పూస్తానంటే ఊరుకోనని చెప్పేసింది. వాళ్ళు ఎందుకన్నారో గానీ, నేను మాత్రం నా స్వార్థం కొద్దీ వాళ్ళ పక్షమే. నన్ను నది దాకా తీసుకువెళ్ళాల్సిన రోజుల్ని ఈయన పీచు పేనడానికి తగలేస్తున్నాడని నా ఉక్రోషం. మూతి ముడుచుకుని, పిలిచినా పలక్కుండా తిరిగాను. అలిగితే అన్నం మానేసే రకం కాదు నేను, తింటూనే అలిగేదాన్ని.

ఒక పొద్దున ఆకాశం కాస్త తెరిపినిచ్చింది. తాతయ్య వచ్చి నా పక్కన చతికిలబడ్డాడు. "ఓలె గుంటా, రేపు తూము దించేత్తారట. ఎండుండేది ఈ పూటే. ఏరు కాడికి ఎల్దామా, పడవని గట్టెక్కించేద్దామా? రెండూ కుదరవు. నువ్వే సెప్పు," అన్నాడు.

అంత పెద్ద మనిషి అంత పెద్ద మాట నా చేతిలో పెట్టాడన్న ఆలోచన కూడా రాలేదు నాకు. ఏరు కాడికే అన్నాను. ఆయన మొహంలో కోపం గానీ నిరాశ గానీ కనిపించలేదు. లేచి పంచె ఎగ్గట్టి, గెడ తెచ్చి నా చేతికిచ్చాడు. తను వెనక కూర్చున్నాడు.

గెడ వేయడం దూరం నుంచి చూస్తే ఎంత తేలిక! నేను గుచ్చితే అది బురదలో దిగబడి రానంది. పీకబోతే పడవ గిర్రున తిరిగి గట్టుకు గుద్దుకుంది. రెండో గట్టుకూ గుద్దుకుంది. తాతయ్య కడుపు పట్టుకుని నవ్వాడు. నా అలక ఎప్పుడు ఎగిరిపోయిందో నాకే తెలియదు. కాసేపటికి కిటుకు తెలిసింది. బలంతో కాదు, ఒంటి బరువుతో నెట్టాలి, పడవ కదిలాక గెడను దాని దారిన వదలాలి. కొబ్బరి మట్టల నీడలు నీళ్ళ మీద వెనక్కి పోతుంటే నేనే తోటకు దొరననిపించింది. అంత సంతోషం నాకు జీవితంలో మరి కొన్నిసార్లే కలిగింది.

సగం దూరం దాటాక కాళ్ళకు చల్లగా తగిలింది. కిందికి చూస్తే నీళ్ళు. వెనక్కి తిరిగి చూశాను. తాతయ్య కొబ్బరి చిప్పతో నీళ్ళు తోడి పోస్తున్నాడు. ఎప్పటి నుంచి తోడుతున్నాడో, చప్పుడు కూడా రానివ్వలేదు. ఓటిదైపోయిందా తాతా అని అడిగాను.

"ఓటిదేటి కాదమ్మా. అలిసినాది. ఏడాది పొడుగూ మోసినాది కదా," అన్నాడు.

ఆ మాట అంటూ ఎడం చేత్తో పలకను నిమిరాడు. పాలిచ్చిన ఆవును నిమిరినట్టు నిమిరాడు. అప్పుడు మొదటిసారి ఆ పడవను చూశాను. అప్పటిదాకా కాయల గుట్ట మీద కూర్చుని చుట్టూ ఉన్న లోకాన్ని చూశానే గానీ, నా కింద ఉన్నదాన్ని చూడలేదు. పలకల అంచులు అరిగిపోయి ఉన్నాయి, సందుల్లో పీచు ఊడి వేలాడుతోంది. ఎదురుగా తూము కనిపిస్తోంది, తలుపు పైకెత్తి ఉంది. దాని అవతల నది. అవతలి ఒడ్డు సన్నని గీతలా ఉన్న అంత వెడల్పు నీటిని అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. ఇంకొన్ని సార్లు గెడ వేస్తే చాలు. నా ప్రాణమంతా అటే లాగుతోంది. ఆకాశంలో సముద్రం వైపు మబ్బు కట్టడం కూడా చూశాను. వాన మొదలైతే ఈ పడవ ఇలాగే నీళ్ళలో ఉండిపోతుందని, ఇదే దాని ఆఖరి రోజని నాకు తెలుసు.

ఏ దేవుడు బుద్ధి పుట్టించాడో, గెడ అడ్డం వేసి పడవను వెనక్కి తిప్పాను. ఏటి, ఏరొద్దా అని అడిగాడు తాతయ్య. ఆకలేస్తోందని చెప్పాను. అబద్ధమని ఆయనకూ తెలుసు, పొద్దున ఆయన కళ్ళముందే రొట్టెలు తిన్నాను. ఆయన ఇంటి దాకా నీళ్ళు తోడుతూనే ఉన్నాడు. నాకు మాత్రం కళ్ళు మసకబారి గట్టు సరిగా కనబడలేదు.

వెనక్కి వచ్చాక ఆయన కూలీల లైన్ ఇళ్ళవాళ్ళను పిలిచాడు. సణుగుతూనే వచ్చారు. పక్కింటి బాబాయే అందరికన్నా ముందు తాడు పట్టుకున్నాడు. పడవను గట్టెక్కించి కొట్టం చూరు కిందికి చేర్చేసరికి చినుకులు మొదలయ్యాయి. వాన పడుతుంటే చూరు కింద నేనూ తాతయ్యా పని చేశాం. సన్నని సందుల్లోకి నా వేళ్ళే బాగా దూరేవి. పీచు కూరుతూ కూరుతూ ఆఖరికి ఉండబట్టలేక అడిగేశాను, ఎలాగూ కాల్చేసేదానికి ఇంత ఎందుకని.

ఆయన గుగ్గిలం కలిపి పక్కన పెట్టాడు. తర్వాత, "పని నుంచి వొచ్చినోడికి కాళ్ళు కడుక్కోడానికి నీళ్ళిత్తాం కదా. రేపు మల్లీ పనికెల్తాడనా ఇత్తాం? అలిసొచ్చినాడని ఇత్తాం. ఇదీ అంతే గుంటా," అన్నాడు.

దీపావళి రోజు పొద్దున వాన జోరుగా ఉంది. మాకు తలంట్లయ్యాక తాతయ్య పసుపు నీళ్ళు పట్టుకుని ఒక్కడే కొట్టం వైపు నడిచాడు. నూనె ఇవ్వనన్న నానమ్మ కాసేపు గుమ్మంలో నిలబడింది. తర్వాత ఆవిడే గిన్నె కొంగు చాటున పెట్టుకుని, వానలో తడుస్తూ వెనకే వెళ్ళింది. నేనూ పరిగెత్తాను. మాకు నూనె పెట్టేటప్పుడు ఆవిడ నూరేళ్ళు బతకమని దీవించేది. పడవకు ఆ మాట అనలేదు. దాని ముక్కు మీద చెయ్యి అలాగే ఉంచి, "సల్లగా ఎల్లమ్మా," అంది. మా తాతయ్య తల పక్కకు తిప్పుకున్నాడు. పెద్దవాళ్ళు కూడా ఏడుపు ఆపుకుంటారని నాకు ఆ పొద్దునే తెలిసింది.

వానలు తగ్గాయి, ట్రాక్టర్లు వచ్చాయి. నీళ్ళలో వదిలేసిన పడవలు కుళ్ళి, తీగలు అల్లుకుని, పైకి లాగితే ముక్కలు ముక్కలుగా వచ్చాయి. మాది మాత్రం నలుగురు ఎత్తితే ఒక్క పలక ఊడకుండా లేచింది. దానికీ గొడ్డలి తప్పలేదు. పొయ్యిలో వేస్తే గుగ్గిలం వాసన కొట్టం అంతా నిండింది. ఎవరో చివరి నిమిషంలో వచ్చి దాన్ని కాపాడతారని నేను ఆశపడ్డాను గానీ, ఎవరూ రాలేదు. నేను వెక్కి వెక్కి ఏడ్చి, చేసిందంతా వృథా అయిపోయిందన్నాను. తాతయ్య చీపురు పక్కన పెట్టి నా తల మీద చెయ్యి వేశాడు. "సుబ్బరంగా ఎల్లినాది సూడు," అన్నాడు. మళ్ళీ ఊడుపు పనిలో పడ్డాడు. ఆ మాటకు అర్థం అప్పుడు నాకు సగమే తెలిసింది.

మిగతా సగం కిందటేడు తెలిసింది. మా ఆయన తెలుక్ ఇంటాన్‌లో చాలాకాలం బస్సు నడిపాడు. ఇస్త్రీ చొక్కా లేనిదే గడప దాటని మనిషి. ఉద్యోగం మానేశాక మార్కెట్‌కు చేపలకు వెళ్ళాలన్నా అదే పట్టింపు. అలాంటి మనిషి పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. మెల్లగా మనుషుల్ని గుర్తుపట్టడం కూడా పోయింది. ఇక చేసేదేమీ లేదని డాక్టరు చెప్పేశాడు. నేను మాత్రం రోజూ పొద్దున ఒక చొక్కా ఇస్త్రీ చేసి ఆయనకు తొడిగేదాన్ని. మా అమ్మాయి సైబర్‌జయలో కంప్యూటర్ కంపెనీలో పనిచేస్తుంది. సెలవు పెట్టి నాకు సాయంగా వచ్చింది. తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడటానికి వెతుక్కుంటుంది పాపం. "ఎందుకమ్మా ఐరన్ చేస్తావు? అప్పా పడుకునే ఉంటారు లా. ఆయనకి ఏమీ తెలీదు," అంది ఒకరోజు. నాకు పడవ కథ చెప్పాలనిపించింది గానీ చెప్పలేదు. చొక్కా చల్లారకముందే చెయ్యి దూర్చాలి, అటు పట్టుకోమని మాత్రం అన్నాను. అది పట్టుకుంది. ఆ తర్వాత రోజూ వచ్చి పట్టుకునేది.

ఆయన పోయిన రోజు ఇల్లంతా జనం. కొత్త పంచె, పైన కండువా ఉన్నాయి, చొక్కా అక్కర్లేదన్నారు ఎవరో. నేను లేవబోయాను. చుట్టూ కూర్చున్నవాళ్ళు లేవనివ్వలేదు. ఈ ఒక్క పూటా చేయలేకపోతానేమోనని నాకు పుట్టిన భయం అంతా ఇంతా కాదు. అంతలో వెనక గదిలోంచి వేడెక్కిన గుడ్డ వాసన వచ్చింది. తలుపు సందులోంచి చూశాను. మా అమ్మాయి ఆయన తెల్ల చొక్కా పరుచుకుని ఇస్త్రీ చేస్తోంది. ముక్కు ఎగబీలుస్తూ, ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూ, కండువా కింద ఎవరికీ కనబడని కాలరు మీద రెండోసారి పెట్టె నడుపుతోంది. తాతయ్య దగ్గర నేర్చుకున్నదాన్ని ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే దాచుకున్నాననుకున్నాను. చెప్పకుండానే అది పిల్ల చేతిలోకి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నా గురించి కూడా నాకు బెంగ లేదు.